పందిరి, డిస్ట్రక్టరు, మా ఆవిడ నవ్వు

నేను తొమ్మిదో తరగతితో బడి చాలించిన వారం మా లెక్కల అయ్యవారు ఒక హస్తం అరటిపళ్ళు పట్టుకుని మా అంగడికి వచ్చాడు. మా నాన్న కంగారుపడి, "పిల్లోణ్ణి మళ్ళీ బడికి పంపమని అడిగేదానికి వచ్చినారా అయ్యవారూ?" అన్నాడు. ఆయన రెండు చేతులూ జోడించి, "లేదు సార్, మనసు మార్చుకోవద్దని అడిగేదానికి వచ్చినా" అన్నాడు.

ఈ కథ నేనే అందరికీ చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. మనమీద మనమే ముందు జోకు వేసుకుంటే ఎదుటివాడికి శ్రమ తప్పుతుంది. పెళ్ళిచూపుల్లో కూడా ఇదే చెప్పాను. పిల్లది నెల్లూరు పక్క, బి.ఎస్సీ. లెక్కలు చదివింది. నేను మద్రాసు జార్జిటౌనులో పందిళ్ళు వేసే అంగడి వాళ్ళ అబ్బాయిని. నా చదువు మాట రాగానే మా నాన్న, "వ్యాపారం చూసుకుంటా ఉండాడు" అని దాటేయబోయాడు. నేను ఊరుకోకుండా అరటిపళ్ళ సంగతంతా బయటపెట్టాను. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఆపుకుంది, ఆగక లోపలికి పరిగెత్తింది. లోపల్నుంచి కూడా వినిపించింది నవ్వు. సంబంధం ఖాయమైంది దాని మీదే. చదువు లేదు, రంగు లేదు, సొంత పెత్తనం లేదు. ఆవిడని నవ్వించడం ఒక్కటే నా ఆస్తి. ఆ ఆస్తి మీదికి ఇంకొకడు రావడమే ఇక్కడ చెప్పబోయేది.

స్తంభాల మీద పోయే ఎగిరే రైలు మైలాపూరు దాకా వచ్చిన కొత్త. ఊళ్ళో ఏ మలుపు తిరిగినా కంప్యూటరు క్లాసుల బోర్డే. మా ఆవిడకీ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. మా నాన్న ఒప్పుకోడులే అని నేను నిశ్చింతగా ఉన్నాను. ఆయన వెంటనే, "కోడలు చదువుకుంటానంటే వద్దనేదానికి నేనెవర్ని? నువ్వు పోయి దించు, నువ్వే పోయి పిలుచుకుని రా. అదన్నా చేతనవుతుంది గదా నీకు" అన్నాడు.

అట్లా సాయంత్రాలు బీచ్ స్టేషనులో రైలెక్కి ఆవిడని మైలాపూరులో దించడం, మళ్ళీ తీసుకురావడం నా ఉద్యోగమైంది. ఒక పాత మేడ మీద ఉండేది ఆ క్లాసు. కంప్యూటర్లు పెట్టింది ఏసీ గదిలో. గుడికి పోయినట్టు చెప్పులు బయట విడిచి పోవాలి, దుమ్ము తగిలితే అవి ఓర్చుకోలేవట. లోపల అద్దాల తలుపు వెనక మా ఆవిడ, ఇంకొంతమంది కాలేజీ పిల్లలు, బోర్డు ముందు వాళ్ళ సారు. బయట బెంచీ మీద చెప్పులూ నేనూ.

సారు నాకంటే కాస్త చిన్నవాడే. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. వేళ్ళకీ చొక్కాకీ ఎప్పుడూ మార్కరు మరకలు. ఆయన్ని అందగాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎవరూ అనకముందే ఆ ఒప్పుకోకపోవడం నాలో ఎందుకు తయారైందో అడక్కండి. ఆయన తోలుచెప్పులు ఎట్లా విడిచేవాడో గానీ, రోజూ సరిగ్గా మా ఆవిడ చెప్పుల పక్కకే వచ్చి పడేవి. ఒకటి రెండు సార్లు చూశాను, ఊరుకున్నాను. తర్వాత కాలి బొటనవేలితో ఒక్కొక్కదాన్నీ మెల్లగా మెట్ల దాకా సాగనంపేవాణ్ణి. క్లాసు వదిలాక ఆయన వట్టికాళ్ళతో అటూ ఇటూ చూసుకుంటూ, "నేను ఈడనే కదా విడిచింది?" అన్నట్టు తల గోక్కునేవాడు. నేను కూడా లేచి ఆయనతో పాటు వెతికేవాణ్ణి. మర్యాద తెలిసినవాణ్ణి మరి.

ఒకరోజు తిరుగు రైలు చేపాక్ దాటింది. ఆవిడ కిటికీ వైపు తిరిగి తనలో తాను నవ్వుకుంది. నేను అప్పటికి నోరు విప్పలేదు. నేను నోరు విప్పకుండా మా ఆవిడ నవ్వడం పెళ్ళయ్యాక అదే మొదలు.

"ఏందే?" అన్నాను.

"ఏం లేదండీ. సారు ఒక జోకు చెప్పినాడు, గుర్తొచ్చింది."

"చెప్పు, నేనూ నవ్వుతా."

"మీకు అర్థం కాదులెండి. ప్రోగ్రాములు రాసేదాంట్లో కన్‌స్ట్రక్టరు తెలియాల, డిస్ట్రక్టరు తెలియాల."

"ముందు చెప్పు. నవ్వాలో వద్దో నేను చూసుకుంటా."

ఆవిడ చెప్పింది. సారు వాళ్ళ మామగారు ఊర్నించి వస్తే ఫ్యాను కింద మంచం వేస్తారట. పొద్దున పేపరు ముందు ఆయన చేతికే ఇస్తారట. ఆయన ఊరికి పోయి నెలలైనా ఆ మంచం మీద ఎవరూ కూర్చోకూడదట, పేపరు ముందుగా ఎవరూ విప్పకూడదట. "మా మామగారికి కన్‌స్ట్రక్టరు బ్రహ్మాండంగా రాసినారు, డిస్ట్రక్టరు రాయడం మర్చిపోయినారు" అన్నాడట సారు. ఇది చెప్పడం పూర్తికాకుండానే ఆవిడకి మళ్ళీ నవ్వొచ్చింది.

నేను మొహం గోడలాగా పెట్టి, "మామగారంటే, మీ సారుకి పెళ్ళయిందా?" అన్నాను.

"ఆమా, అయింది."

కొంచెం చల్లబడ్డాను. కాసేపే. పెళ్ళయినవాడైతే మాత్రం జోకులు వేయడా? నేను వేయడం లేదా? పైగా సారు అది చెప్పింది తమిళంలో. మా ఆవిడకి తమిళం నేర్పింది నేను. కాపురానికి వచ్చినప్పుడు రండి, పొండి అనే 'వాంగ', 'పోంగ' తప్ప రాదు. కూరగాయల బండి దగ్గర బేరం మొదలుకొని పక్కింటావిడ దెప్పిపొడుపుకి బదులు చెప్పేదాకా ఒక్కొక్క మాటా దగ్గర కూర్చుని నేర్పాను. నేను నేర్పిన భాషలో ఇంకొకడు చెప్పిన జోకుకి, నా పక్క సీట్లో కూర్చుని, నాకు అర్థం కాకుండా నవ్వుతోంది. కడుపులో ఎవరో సాంబ్రాణి వేసి విసురుతున్నట్టు పొగ.

మర్నాటి నుంచి రోజూ గడ్డం గీసుకున్నాను. జేబులో పెన్ను పెట్టుకున్నాను. ఆవిడ చూసి, "పెన్ను దేనికి?" అంది. "సంతకానికి" అన్నాను. "ఎవరడిగినారు మీ సంతకం?" అంది. "అది పోనీ, ఆ కన్‌స్ట్రక్టరు అంటే ఏందో చెప్పు" అన్నాను, ఏమీ పట్టనట్టు.

ఆవిడ వాళ్ళ పుస్తకం తెచ్చింది. అందులో ఉదాహరణకి స్టూడెంటు అని ఒకడు, వాడికి మార్కులు. బడీ మార్కులూ అనగానే నా బుర్ర పాత అలవాటు కొద్దీ గేటు మూసేసింది. రెండు సాయంత్రాలు చెప్పి చూసింది. మూడోనాడు, "మీ అయ్యవారు అరటిపళ్ళు ఊరికే తేలేదు" అని లేచిపోయింది. నా జోకు నాకే తగిలింది. తనతో పాటు నవ్వుదామంటే అదీ రాలేదు.

దారి దొరికింది ఇంకోచోట. మా వెనక సందులో పెళ్ళిపందిరి వేస్తున్నాం. మా నాన్న మధ్యాహ్నం అన్నం క్యారియరు మర్చిపోతే ఆవిడ పట్టుకొచ్చింది. మనుషులు సరుగుడు కట్టెలకి తాళ్ళు బిగిస్తుంటే నిలబడి చూసింది. చూసి చూసి, "ఇది ఎట్టా వేయాల్నో పెళ్ళివాళ్ళు వచ్చి మీకు చెప్తారా?" అంది.

"వాళ్ళకేం తెలుసు? పందిరి కావాలంటారు, అంతే. గుంత తీయడం, కట్టె నిలబెట్టడం, అడ్డకట్టెలు, పైన ఆకు, ఆ కింద గుడ్డ, అన్నీ మావాళ్ళు చేసేస్తారు. ఒక్కోదానికీ పెళ్ళికూతురి నాయన వచ్చి 'ఇప్పుడు తాడు కట్టండి' అని అరుస్తాడా?"

"అదేనండీ కన్‌స్ట్రక్టరు."

"ఏది?"

"ఆ అరవకుండా జరిగేదంతా. పందిరి కావాలి అన్నారంటే చాలు, మొదట్లో జరగాల్సిందంతా దానంతట అదే జరిగిపోవాల. దాన్ని ఎవరూ పేరుపెట్టి పిలిచే పన్లేదు. మామయ్య కాగితం మీద పందిరి గీస్తాడే, దాన్ని మా పాఠంలో క్లాసు అంటారు. ఆ కాగితం కింద కూర్చుని ఎవరైనా పెళ్ళిభోజనం తింటారా? వీధిలో నిలబడిందే, అది ఆబ్జెక్టు. ఒకే కాగితం పెట్టుకొని పది వీధుల్లో వేస్తారు. ఏ వీధిలో వేసినా గుంతలు మళ్ళీ తీయాల్సిందే గదా? ప్రతి ఆబ్జెక్టుకీ కన్‌స్ట్రక్టరు ఒకసారి నడుస్తుంది."

ఇది నాకు ఎక్కడా అడ్డం తగలకుండా లోపలికి దిగింది. అడ్డం తగలకపోవడమే అనుమానంగా ఉంది.

"మరి వాళ్ళు ఇన్ని అంకణాలు కావాలి అంటే?" అన్నాను.

"అన్నన్ని వేస్తారు. ఏమీ చెప్పకపోతే?"

"మా నాన్న ఎప్పుడూ వేసే కొలత వేస్తాడు."

"అయితే మీకు రెండు కన్‌స్ట్రక్టర్లు ఉండాయి. కొలత చెప్పించుకునేది ఒకటి, చెప్పకపోయినా నడిచేది ఒకటి. రెండిటికీ పేరు మాత్రం క్లాసు పేరే. సరే, విప్పేటప్పుడు ఎవరన్నా కొలతలు చెప్తారా?"

"విప్పేదానికి కొలతేందే? పెళ్ళి అయితే విప్పేయడమే. ఆఖర్న కట్టింది ముందు ఊడదీయాల. గుడ్డ, ఆకు, అడ్డకట్టెలు, తర్వాత నిలువుకట్టెలు. గుంతలు పూడ్చి రావాల."

"అది డిస్ట్రక్టరు. దానికి ఎవరూ ఏమీ చెప్పరు, అందుకే అది ఒక్కటే ఉంటుంది. పేరు అదే పేరు, ముందర ఒక వంకర గీత." కాలి వేలితో మట్టిలో ఆ గీత గీసి చూపించింది, అల లాగా.

"గుంతలు పూడ్చకుండా వచ్చేస్తే?"

"పందిరి పోయినా అది పట్టుకున్న చోటు వదల్లేదని. ఆడ ఇంకెవరూ ఏమీ పెట్టుకోలేరు."

అప్పుడు వెలిగింది. మామగారు ఊరికి పోయాడు, మంచం పోలేదు. ఫ్యాను కింద ఆ చోటు ఇంకా ఆయన పేరు మీదే పడి ఉంది! సందు నడిమధ్య నిలబడి పెద్దగా నవ్వేశాను. కట్టె ఎక్కిన మనిషి తాడు వదిలి కిందికి చూశాడు. మా నాన్న క్యారియరు గిన్నె చేత్తో పట్టుకుని, "ఏమైందిరా?" అన్నాడు. మా ఆవిడ మొహం మాత్రం కళకళలాడిపోయింది, "అర్థమైందా, అర్థమైందా?" అంటూ.

అర్థమైంది. మంచి జోకు. దాంతో ఇంకా కాలింది నాకు. చెత్త జోకు అయ్యుంటే ఆ మనిషిని క్షమించి ఉండేవాణ్ణి.

ఇక నా ఆలోచనంతా ఒక్కటే. ఈ కన్‌స్ట్రక్టరు డిస్ట్రక్టరు మీద ఆయన జోకు కంటే పెద్ద జోకు నేను చెప్పాలి. ఆయన ముందే చెప్పాలి. మా ఆవిడ అక్కడే నవ్వాలి. వీధిలో కట్టెలు మోయిస్తూ అదే, అన్నం తింటూ అదే. పెళ్ళివాళ్ళతో మాట్లాడుతూ మధ్యలో నాలో నేను నవ్వుకుంటుంటే ఒకాయన, "పందిరి గట్టిగానే ఉంటుంది కదా?" అని అనుమానపడ్డాడు.

ఆయుధపూజ వచ్చింది. ఆ క్లాసువాళ్ళు ఇంటివాళ్ళని కూడా రమ్మన్నారు. కంప్యూటర్లన్నిటికీ గంధం, కుంకుమ బొట్లు. తెర మధ్యలో ఒకటి, మూల ఒకటి. సరస్వతి పటం ముందు పళ్ళెంలో ఫ్లాపీలు, వాటి మీద చామంతి పూలు. ఆ రోజు ఆయుధాన్ని ముట్టుకోకూడదు గనక అన్నీ ఆపేసి ఉన్నాయి. పని లేదు. మరమరాలూ శనగలూ పొట్లాలు కట్టి పంచుతున్నారు. సారు పంచె కట్టుకుని ఇంకొంచెం పొడుగ్గా కనబడ్డాడు. అదొకటి.

"ఈరోజు కంప్యూటరు లేదు కాబట్టి నోటితోనే క్లాసు" అన్నాడాయన తమిళంలో. "కన్‌స్ట్రక్టరు, డిస్ట్రక్టరు. మీ ఇంట్లోంచి ఒక్కొక్కరు ఒక ఉదాహరణ చెప్పండి."

ఒకమ్మాయి దోసె పెనం అంది. ఒకబ్బాయి హాస్టలు గది అన్నాడు. నేను చెయ్యి ఎత్తాను. బడిలో కూడా ఎప్పుడూ ఎత్తలేదు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది, రోడ్డు దాటే పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

పందిరి ఎత్తుకున్నాను. కాగితం క్లాసు అన్నాను, వీధిలోది ఆబ్జెక్టు అన్నాను. పెళ్ళికూతురి నాయన తాడు తాడుకీ అరిచే సంగతి యాక్షన్ చేసి చూపించాను. అక్కడ నవ్వారు. నాకు ఊపొచ్చింది. విప్పడంలోకి దిగి, అసలు జోకు వదిలాను: "అన్నీ విప్పేసి బండికెత్తుతాం సార్. పెళ్ళిరాట ఒక్కదాన్ని మాత్రం మావాళ్ళు ముట్టుకోరు. ఊళ్ళో అంత పెద్ద పందిరిని పడగొట్టిన మొగాళ్ళు, పసుపు పూసిన ఒక్క కట్టెకి దణ్ణం పెట్టి పారిపోతారు!" చెప్పి నేనే గట్టిగా నవ్వాను.

సారు నవ్వుతూనే, "అయితే సార్, మీ డిస్ట్రక్టరులో తప్పుంది. రాట ఆడనే ఉండిపోయింది, చోటు వదల్లేదు. దీన్నే మేము మెమరీ లీక్ అంటాం. రేపు దారినపోయేవాడు కాలు తగిలి పడితే బిల్లు మీ అంగడికే" అన్నాడు.

గది గదంతా ఘొల్లుమంది. నేను చెప్పినదానికి వచ్చిన నవ్వు చిరుజల్లు, ఈయనకి వచ్చింది వరద. వెంటనే ఎదురు జోకు వేయాలి, నా వృత్తే అది. ఒక్కటీ రాలేదు. మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ ఒక్కతే నవ్వడం లేదు. మరమరాల పొట్లం పక్కన పెట్టి లేచి నిలబడింది.

"సార్, రాట అంగడిది కాదు" అంది, నేను నేర్పిన తమిళంలో. "దాన్ని పెళ్ళికూతురి మేనమామ తెచ్చి పాతుతాడు. ఇంటి ఆడవాళ్ళు పసుపు పూస్తారు. పెళ్ళయ్యాక మంచిరోజు చూసి మేనమామే తీస్తాడు. అంగడివాళ్ళు తెచ్చింది అంగడివాళ్ళు విప్పేసినారు, గుంతలు కూడా పూడ్చినారు. తనది కానిదాన్ని డిస్ట్రక్టరు ఎందుకు ముట్టుకోవాల సార్? వీళ్ళు దాన్ని పీకేస్తే, తర్వాత మేనమామ వచ్చి ఏం పీకుతాడు?"

సారు బల్ల మీద చేత్తో కొట్టి, "ఒకే వస్తువుని ఇద్దరు తీసేస్తే ప్రోగ్రామ్ పడిపోతుంది! మేనమామ కూడా పడిపోతాడు!" అని పకపకా నవ్వాడు. ఓడిపోయిన మనిషి మొహంలో అంత సంతోషం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలీదు. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడకి.

లెక్క చూసుకుంటే జోకు నాది, నవ్వు సారుకి, చప్పట్లు ఆవిడకి. నా వాటాకి మరమరాలు వచ్చాయి. అప్పటిదాకా ఒక మనిషి మీద ఉన్న కుళ్ళు ఇప్పుడు ఇద్దరి మీదికి పాకింది. పైగా వచ్చేటప్పుడు సారు నా చెయ్యి పట్టుకుని, "సార్, ఈ పందిరి కొత్త బ్యాచికి చెప్పుకోవచ్చా? ఇంత బాగా నాకెప్పుడూ తట్టలేదు" అన్నాడు. నలుగురి ముందు ఏమంటాను? "దానికేం సార్, సుమ్మా తీసుకోండి" అన్నాను. సుమ్మా అంటే ఊరికే. ఊరికే ఇచ్చిన వస్తువు ఇంత మండిస్తుందని అప్పుడు తెలీదు.

కొత్త బ్యాచి మొదలైంది. కొత్తవాళ్ళకి పక్కన కూర్చుని చూపించమని సారు మా ఆవిడని అడిగాడు, ఆవిడ ఒప్పుకుంది. ఒక ఆదివారం పొద్దున వంటింట్లో ఆవిడ చిక్కుళ్ళకి ఈనెలు తీస్తుంటే నేను ఎదురుగా కూర్చుని ఒకటి తీసి ఒకటి పాడుచేస్తున్నాను. మాటల్లో చెప్పింది, సారు ఆ వారం పందిరి పాఠం చెప్పాడని. పెళ్ళికూతురి నాయన అరుపులు కూడా పెట్టాడట. రాట దగ్గరికి వచ్చేసరికి సారుకి వరస తప్పి, మేనమామ బదులు పెళ్ళికొడుకు చేత రాట పీకించాడట. కొత్తవాళ్ళలో ఒక తెలుగుపిల్ల లేచి, "అట్ట చేస్తే పెళ్ళి ఆగిపోతుంది సార్" అందట. క్లాసంతా పడీ పడీ నవ్విందట.

"నువ్వు?" అన్నాను.

"నాకయితే కళ్ళల్లో నీళ్ళొచ్చినాయి."

చిక్కుడుకాయ పక్కన పడేశాను. "అది నా జోకే! అదే పందిరి, అదే రాట. నేను చెప్పినరోజు మాత్రం ఊళ్ళో ఎవరో పోయినట్టు కూర్చున్నావే. ఆయన నోట్లోంచి వస్తేనే నవ్వొస్తుందా నీకు?"

ఆవిడ తల ఎత్తకుండా ఇంకొక కాయ ఈనె తీసింది. "మీరు లేచి నిలబడినరోజు నా ప్రాణం నా దగ్గర లేదు, నవ్వెక్కడ్నించి వస్తుంది? సారు నవ్వులపాలయితే నాకేం పొయ్యిందండీ, హాయిగా నవ్వేసినా. మీరయితే మళ్ళీ ఇంటికి పిలుచుకొని రావాల్సింది నేనే గదా."